నివేదిక వేరు, దత్తాంశం వేరు: నాగార్జునకొండ రికార్డు గురించి

మన పురావస్తు సదస్సుల్లో బ్రిటిష్ పురావేత్త మోర్టిమర్ వీలర్ పేరు ఎత్తకుండా ఏ సభా ముగియదు. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్వాడు, 1946కల్లా ‘ఏన్షియంట్ ఇండియా’ పత్రిక రెండో సంచికలో నివేదిక అచ్చు వేయించాడు, మనవాళ్లేమో దశాబ్దాలు తాత్సారం చేశారు అన్నది ఆ ప్రసంగాల సారం. తాత్సారం సంగతి కాదనలేం. అయితే నివేదిక అచ్చయితే తవ్వినవాడి బాధ్యత తీరిపోయినట్టే అన్న నమ్మకం కూడా మనకు ఆ సంప్రదాయం నుంచే అంటుకుంది. నా తగవు దానితోనే.

ఈ తగవు ఒక గోదాములో మొదలైంది. ఎక్కడిదో చెప్పను. కోస్తాలోని ఒక బౌద్ధ స్థలం నుంచి వచ్చిన పెంకుల ట్రే ముందు కూర్చున్నాను. చేతిలో ఉన్నది రౌలెటెడ్ పళ్లెం అడుగు ముక్క. నున్నటి బూడిద రంగు, లోపలివైపు గుండ్రంగా తిరిగిన సన్నటి చుక్కల వరసలు. వెనక నల్ల ఇంకుతో రాసి, పైన లక్క పూత పూశారు. స్థలం పొడి అక్షరాలు, ట్రెంచి నంబరు, చిన్న సున్నాలో 7. ఆ ఏడు పొర నంబరు. ఏడో పొర అంటే విహారం కట్టకముందు మట్టా, కూలిపోయాక పేరుకున్న మట్టా? అది తెలియాలంటే ఆ ట్రెంచి గోడ సెక్షన్ గీత కావాలి, ఫీల్డ్ నోట్‌బుక్ కావాలి. రిజిస్టర్ అడిగితే బీరువా తాళం ఉన్నాయన బదిలీ మీద వెళ్లాడన్నారు. అచ్చయిన నివేదికలో ఆ ట్రెంచికి దక్కింది రెండు వాక్యాలు.

ఈ రౌలెటెడ్ పెంకు చిన్న విషయం కాదు. ఇటలీ నుంచి వచ్చిన అరెటైన్ పాత్రల కాలాన్ని ఆధారం చేసుకొని వీలర్ దీన్ని క్రీస్తుశకం తొలి రెండు శతాబ్దాలకు కట్టేశాడు. ఆ తర్వాత ఎక్కడ ఈ పెంకు దొరికినా ఆ పొరకు అదే తేదీ. మన అమరావతి, శాలిహుండం తేదీల మీదా ఈ నీడ పడింది. 1983లో విమలా బెగ్లీ అరికమేడును మళ్లీ పరిశీలించి, ఈ పాత్రల ప్రారంభాన్ని క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం దాకా వెనక్కి జరిపారు. 1989-92 మధ్య అక్కడ మళ్లీ తవ్వారు కూడా. అంటే దాదాపు నలభై ఏళ్లు ఒకే మనిషి తీర్పు తూర్పు తీరమంతటికీ పంచాంగమైంది. వీలర్ నివేదిక త్వరగా అచ్చయింది కాబట్టే బెగ్లీకి ఆ పరిశీలన వీలైందని ఎవరైనా అంటే, సరే, ఒప్పుకుంటాను.

కానీ అరికమేడులో మళ్లీ పార వేయడానికి నేల మిగిలింది. నాగార్జునకొండలో ఏం మిగిలింది? 1926లో ఎ.ఆర్. సరస్వతి ఆ లోయను గుర్తించారు. లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 31 దాకా తవ్వి, 1938లో పుస్తకం ఇచ్చాడు. 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసేనాటికే, 1954లో మొదలైన అసలు పెద్ద తవ్వకం ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నడుస్తోంది. నీళ్లు రాకముందే లోయంతా చదవాలన్న తొందర. 1960లో పని ముగించారు. రాతియుగం పనిముట్ల నుంచి ఇక్ష్వాకుల విజయపురి దాకా అన్నీ అక్కడే. తరవాత కృష్ణ లోయను నింపేసింది. సింహళ విహారాన్ని కొండమీదికి, రంగస్థలాన్ని అనుపుకు తరలించారు. యాత్రికుడు లాంచి దిగి చూసేది ఆ తరలించిన ఇటుకలనే. ఇటుకలను పడవెక్కించగలిగారు గాని పొరలను ఎక్కించలేరు కదా. పొరలు మిగిలింది కాగితం మీద మాత్రమే: నోట్‌బుక్కులు, సెక్షన్ గీతలు, పెంకుల లెక్కలు.

ఆ కాగితంలో అచ్చుకెక్కింది ఎంత? మొదటి సంపుటం 1975లో వచ్చింది. చారిత్రక యుగం మీద రెండో సంపుటం 2006లో. తవ్వకం ఆగిన నలభై ఆరేళ్లకు! ఈ మధ్యకాలంలో ఇక్ష్వాకుల రాజధాని గురించి రాసినవాళ్లకు దిక్కు ‘ఇండియన్ ఆర్కియాలజీ - ఎ రివ్యూ’ ఏటా ఇచ్చిన క్లుప్త కథనాలు, తవ్వకంలో పాల్గొన్నవారి రచనలు. హెచ్. సర్కార్ 1966లో స్తూప, చైత్యాల రూపాలను బౌద్ధ శాఖలతో ముడిపెట్టి చూపారు. చక్కటి పని. కానీ దాన్ని ఒప్పుకోవాలన్నా కాదనాలన్నా బయటివాడి చేతిలో ఏముంది? నోట్‌బుక్కు ఎవరి దగ్గరుంటే వాదం వారిదే.

శాసనాల వాళ్లను చూసి అసూయపడుతున్నాను. ఆర్లో గ్రిఫిత్స్, వాన్సాన్ తూర్నియే తదితరులు 2016లో మన ఊళ్లు తిరిగి, ప్రాచీన ఆంధ్రదేశ శాసనాలను వరస నంబర్లతో, పాఠంతో, పాత ప్రచురణల వివరాలతో ఆన్‌లైన్‌లో పెట్టారు. ఒక అక్షరం నేను వేరుగా చదివితే ఆ నంబరు చూపించి తగవు పెట్టుకోవచ్చు. పెంకుకు ఆ యోగం లేదు. ఇంగ్లండ్‌లోని యార్క్‌లో ఆర్కియాలజీ డేటా సర్వీస్ 1996 నుంచే తవ్వకాల రికార్డు దాచి పంచుతోంది. మనం ఇంకా బీరువా తాళం దగ్గరే ఉన్నాం. నాగార్జునకొండ నోట్‌బుక్కులు యథాతథంగా స్కాన్ చేసి బయట పెడితే ఇక్ష్వాకుల కాలక్రమం మీద తగవులు పదేళ్లలో తేలిపోతాయని నా నమ్మకం.

స్థలాల అక్షాంశ రేఖాంశాలు బహిరంగమైతే విగ్రహ దొంగలకు దారి చూపినట్టే అన్న అభ్యంతరం ఉంది. నీటి అడుగున ఉన్న లోయకు అది వర్తించదు.

గోదాములోని ఆ ముక్కను తిరిగి ట్రేలో పెట్టేముందు ఫొటో తీసుకున్నాను. పక్కన ఒక చీటీ పెట్టి వచ్చాను: ‘ఏడో పొర, సెక్షన్ చూడాలి.’ పోయిన వేసవిలో వెళ్తే చీటీ అక్కడే ఉంది. దాని కింద ఎవరో పెన్సిలుతో ‘మాకూ’ అని రాశారు.