కారు వినైల్ గీతలు, గ్రాఫిక్స్: సంరక్షణ

కారు పెయింటు మీద అలంకారం కోసం అతికించే పల్చటి పీవీసీ ఫిల్మునే వినైల్ గ్రాఫిక్ అంటారు. బానెట్ నుంచి డిక్కీ దాకా సాగే రేసింగ్ గీతలు, డోర్ల కింది పట్టీలు, స్పెషల్ ఎడిషన్ పేరుతో కంపెనీయే వేసి పంపే బొమ్మలు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. తెలుగు ఊళ్లలో వీటిని కత్తిరించి వేసేది రేడియం షాపుల వాళ్లు.

రేసు కార్ల మీద గీతలు మొదట పెయింటుతోనే వేసేవారు. 1950లలో అమెరికన్ రేసర్ బ్రిగ్స్ కనింగ్‌హామ్ కార్ల తెలుపు, నీలం రంగులు పేరుపొందాయి. 1965 షెల్బీ జీటీ350 ఆ గీతలను మామూలు రోడ్డు మీదికి తెచ్చింది. 1973లో పాంటియాక్ ట్రాన్స్ యామ్ బానెట్ మీద రెక్కలు చాచిన పెద్ద పక్షి మాత్రం పెయింటు కాదు, స్టిక్కరే.

ఫిల్ములో రకాలు

క్యాలెండర్డ్ ఫిల్మును వేడి చేసిన పీవీసీని రోలర్ల మధ్య నొక్కి, లాగి తయారుచేస్తారు. ఆ లాగుడు దానిలో దాగి ఉంటుంది. వేడి తగిలినప్పుడల్లా కొద్దికొద్దిగా ముడుచుకుపోతుంది. అది వెనక్కి జరిగిన మేర జిగురు బయటపడి, దుమ్ము పట్టి, గీత చుట్టూ నల్లటి అంచు కడుతుంది. క్యాస్ట్ ఫిల్మును ద్రవరూపంలో పోసి, ఓవెన్‌లో ఆరబెడతారు. అది సుమారు 50 మైక్రాన్ల మందమే ఉంటుంది. ఒంపుల్లో చక్కగా ఒదుగుతుంది, అంతగా ముడుచుకోదు. ధర ఎక్కువే. అయినా క్యాలెండర్డ్ ఫిల్ము వేయించుకుని, ఆపైన ఎంత జాగ్రత్తగా చూసుకున్నా క్యాస్ట్ ఫిల్ము మన్నిక రాదు.

ఎండ

వినైల్‌ను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్లు ఎండకు, వేడికి క్రమంగా తగ్గిపోతాయి. అప్పుడు ఫిల్ము పెళుసుబారి, సన్నగా నెర్రెలు ఇస్తుంది. బానెట్, రూఫ్ మీది గీతలు డోర్ల మీది వాటికన్నా చాలా ముందే పాడవుతాయి. నడినెత్తి ఎండ నేరుగా పడేది వాటి మీదే కదా. అందుకే తయారీదారులు కూడా పైభాగాలకు తక్కువ కాలం వారంటీ ఇస్తారు. రోహిణి కార్తెలో రోజంతా ఆరుబయట నిలిపే కారుకు నీడను మించిన పాలిష్ లేదు. ఆ నీడ చెట్టుదైతే మాత్రం జిగురు, కాకి రెట్టలు తప్పవు. ఎండిన రెట్టను గోకకూడదు. గోరువెచ్చటి సబ్బు నీళ్లలో తడిపిన గుడ్డను కాసేపు దాని మీద పరిచి, మెత్తబడ్డాక తుడవాలి.

కడగడం

కొత్తగా వేసిన స్టిక్కరు జిగురు పూర్తిగా పట్టుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందాకా నీళ్లు పోయకపోవడం మంచిది. తర్వాత కారు షాంపూ, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. బోరు నీళ్లతో కడిగితే ఆరకముందే తుడిచెయ్యాలి, లేకపోతే తెల్లటి ఉప్పు మచ్చలు పడతాయి.

ఎక్కువ నష్టం జరిగేది వాటర్ సర్వీసింగ్‌లో. బురద వదలడం లేదని నాజిల్‌ను దగ్గరికి తెచ్చి, ఏటవాలుగా పట్టి కొడతారు. ఆ ధార నేరుగా అంచు కిందికి దూరుతుంది. త్రీఎం కంపెనీ సూచన ప్రకారం పీడనం 2,000 పీఎస్‌ఐకి లోపు, నాజిల్ కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో, ధార ఉపరితలానికి లంబంగా ఉండాలి. సర్వీసింగ్ కుర్రాడికి ఈ మాట ముందే చెప్పాలి.

పెట్రోలు మూత పక్కనుంచి కారిన చుక్కలను అప్పటికప్పుడు తుడిచి, సబ్బు నీళ్లతో కడగాలి. ఆలస్యమైతే జిగురు, ముద్రించిన రంగు దెబ్బతింటాయి. రబ్బింగ్ కాంపౌండ్ ఏ ఫిల్ముకూ పనికిరాదు. మ్యాట్ ఫిల్ము మీద మైనం కూడా పూయకూడదు, అక్కడక్కడా మెరుపు మచ్చలు మిగులుతాయి.

పసుపు, కుంకుమ, పూలదండలు

కొత్త కారు పూజకు, దసరా ఆయుధ పూజకు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేయడం మన దగ్గర మామూలే. పెయింటు మీద తేలిగ్గా వదిలే పసుపు తెల్ల వినైల్‌లోకి ఇంకుతుంది. పసుపులోని కర్క్యుమిన్‌కు నీటి కన్నా నూనె, ప్లాస్టిక్‌లతోనే పొత్తు ఎక్కువ. దాన్ని బట్టల సోడాతో రుద్దితే క్షారం తగిలి మరక ఎర్రబడుతుంది. ముందు పొడి గుడ్డతో దులిపి, తర్వాత షాంపూ నీళ్లతో అద్దాలి. మిగిలిన లేత పసుపును ఎండకే వదిలెయ్యవచ్చు, కర్క్యుమిన్ వెలుతురుకు నిలవదు. కుంకుమలో కృత్రిమ రంగు ఉంటే ఈ ఉపాయం పారకపోవచ్చు. బొట్టేదో అద్దం మీద పెడితే దేవుడికీ అభ్యంతరం ఉండదు, స్టిక్కరుకూ బెంగ ఉండదు.

పెళ్లికారు పూలదండలకు వేసే ప్లాస్టర్ టేపు మరో ప్రమాదం. ఎండకు మెత్తబడిన దాని జిగురు వినైల్‌ను కరుచుకుంటుంది. మర్నాడు లాగితే టేపుతోపాటు గీత కూడా లేచొస్తుంది. దండలను దారంతో కడితే సరిపోతుంది.

అంచు లేస్తే

లేచిన అంచు కింద మట్టి చేరకముందే హెయిర్ డ్రైయర్‌తో కాస్త వేడిచేసి, గుడ్డ చుట్టిన వేలితో నొక్కితే మళ్లీ అంటుకుంటుంది. మట్టి చేరాక ఆ జిగురు పని చేయదు; ఆ ముక్కను గుండ్రంగా కత్తిరించడమే మేలు, సూదిమొన మూలలే తొందరగా లేస్తాయి. కత్తిరించేటప్పుడు బ్లేడు పెయింటుకు తగలకూడదు. క్విక్ గమ్ వేస్తే గట్టి గడ్డకట్టి, తర్వాత పెయింటును పాడుచేస్తుంది. బుడగలు చిన్నవైతే ఎండకు వాటంతటవే అణగవచ్చు. పెద్ద బుడగను పక్కన గుండుసూదితో గుచ్చి గాలిని నొక్కెయ్యాలి.

తొలగింపు

పాత గీతను చల్లగా ఉన్నప్పుడు పీకితే ముక్కలుముక్కలుగా తెగుతుంది. హీట్ గన్‌తో చెయ్యి ఓర్చుకునేంత వేడి చేసి, వెనక్కి మడిచి నిదానంగా లాగాలి. మిగిలిన జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవచ్చు. కిరోసిన్ జిగురును వదిలిస్తుంది గానీ నూనె పొర మిగులుస్తుంది. దాన్ని కడగకుండా కొత్త స్టిక్కరు వేస్తే నిలవదు. థిన్నర్ పెయింటుకే ముప్పు. డెంటింగ్ చేసి మళ్లీ రంగేసిన ప్యానెల్ అయితే స్టిక్కరుతో పాటు ఆ రంగు కూడా ఊడవచ్చు. కంపెనీ పెయింటు సాధారణంగా ఊడదు. అయితే గీత కింద ఎండ తగలని రంగు ముదురుగా, చుట్టూ ఉన్నది వెలిసి కనిపిస్తుంది. పాలిష్‌తో ఈ తేడా కొంత తగ్గుతుంది. చాలా ఏళ్లు ఉన్న గీత ఆనవాలు ఆ తర్వాత కూడా పూర్తిగా పోకపోవచ్చు, ముఖ్యంగా ఎరుపు రంగు కార్ల మీద.