ప్రభుత్వ నిర్మాణాల్లో మైనారిటీ, మహిళా సంస్థల భాగస్వామ్యం: పార్సిప్పనీ, ఉత్తర న్యూజెర్సీ

ప్రజాధనంతో కట్టే రహదారులు, వంతెనలు, విమానాశ్రయాలు, బడి భవనాల కాంట్రాక్టుల్లో కొంత వాటా నల్లజాతి, హిస్పానిక్, ఆసియా మూలాల వారి సంస్థలకూ స్త్రీల సంస్థలకూ దక్కేలా చూసే విధానం అమెరికాలో 1960ల చివర్లో రూపుదిద్దుకుంది. న్యూజెర్సీ రాష్ట్రం మోరిస్ కౌంటీలోని పార్సిప్పనీ-ట్రాయ్ హిల్స్ టౌన్‌షిప్‌కు (2020 జనాభా లెక్కల ప్రకారం 56,162 మంది) ఈ విధానంతో రెండు విధాల సంబంధం ఉంది. స్థానిక సంస్థగా టౌన్‌షిప్ తన టెండర్లను రాష్ట్ర చట్టాల ప్రకారం పిలుస్తుంది. అంతకంటే పెద్ద సంబంధం ఇంకొకటి: దేశంలోని అతిపెద్ద గుత్తేదారు సంస్థల్లో ఒకటైన స్కాన్‌స్కా యూఎస్ఏ బిల్డింగ్ కార్యాలయం ఈ ఊళ్లోని ఇంటర్‌పేస్ పార్క్‌వేలో ఉంది. ఈ ప్రాంతంలోని భారతీయ కుటుంబాల్లో తెలుగువారూ చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు. భారత ఉపఖండం నుంచి వచ్చినవారిని ‘మైనారిటీ’ కింద ఎప్పుడు, ఎలా లెక్కించారన్నది కూడా ఈ చరిత్రలో భాగమే.

తొలి అడుగులు

ఉత్తర న్యూజెర్సీలో ఈ వివాదం మొదట యజమానుల గురించి కాదు, కూలీల గురించి వచ్చింది. 1963 జులైలో నెవార్క్‌లో కొత్త బారింజర్ హైస్కూలు కడుతున్న చోట నల్లజాతి పనివాళ్లను తీసుకోవడం లేదంటూ నిరసనలు జరిగాయి. ప్రభుత్వ వైద్య కళాశాల కోసం నగరం నడిబొడ్డున పేదల ఇళ్లు ఖాళీ చేయించాలన్న ప్రతిపాదన 1967 జులై నాటి అల్లర్లకు ఒక కారణమైంది. ఆ అల్లర్లలో 26 మంది చనిపోయారు. 1968లో కుదిరిన ఒప్పందంలో ఆ కళాశాల నిర్మాణంలో మైనారిటీలకు పని ఇవ్వాలన్న షరతు చేరింది. ఇటుక పేర్చే చేతులకు పని దొరికినా, బిల్లు మీద సంతకం చేసేది ఎవరన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

ఆ ప్రశ్నకు ఫెడరల్ ప్రభుత్వం మెల్లగా జవాబు వెతికింది. 1969 మార్చిలో అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర్వుతో మైనారిటీ వ్యాపార సంస్థల కార్యాలయం ఏర్పడింది. 1977లో మేరీలాండ్ ప్రతినిధి పారెన్ మిచెల్ తెచ్చిన సవరణతో అసలు మలుపు వచ్చింది. 400 కోట్ల డాలర్ల ప్రజాపనుల చట్టంలో 10 శాతం మైనారిటీ సంస్థలకు వెళ్లాలని ఆ సవరణ నిర్దేశించింది. 1980లో ఫులిలవ్ కేసులో సుప్రీంకోర్టు 6–3తో దాన్ని సమర్థించింది. మహిళా వ్యాపారాల కోసం అధ్యక్షుడు కార్టర్ 1979లో ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చాడు. 1982 నాటి రవాణా చట్టం రహదారి నిధుల్లో 10 శాతాన్ని ‘వెనుకబడిన వ్యాపార సంస్థల’కు కేటాయించింది. 1987లో స్త్రీల సంస్థలనూ అదే లెక్కలో చేర్చారు. ఒకే 10 శాతంలో ఇద్దరినీ కలపడం వల్ల, స్త్రీల సంస్థలతోనే లక్ష్యం నిండిపోతోందని మైనారిటీ సంఘాలు అప్పటినుంచీ ఫిర్యాదు చేస్తూ వచ్చాయి.

నగరాల్లో ముందడుగు వేసింది అట్లాంటా. మేయర్ మేనార్డ్ జాక్సన్ 1970లలో విమానాశ్రయ టెర్మినల్ పనుల్లో మైనారిటీ సంస్థలకు 25 శాతం వాటా ఉండాలని పట్టుబట్టి, పెద్ద కంపెనీలు వాటితో ఉమ్మడి సంస్థలుగా ఏర్పడేలా చేశాడు. ఆ టెర్మినల్ 1980 సెప్టెంబరులో తెరుచుకుంది. తర్వాత వచ్చిన చాలా నగర పథకాలకు ఇదే మూస.

భారతీయులు ఈ లెక్కలోకి రావడం

1978 నాటి చిన్న వ్యాపారాల చట్ట సవరణ ‘సామాజికంగా వెనుకబడిన’ సమూహాలుగా నల్లజాతివారిని, హిస్పానిక్‌లను, అమెరికన్ ఆదివాసులను పేర్కొంది. తూర్పు ఆసియా, పసిఫిక్ ప్రాంతాల వారు తర్వాత చేరారు. భారతీయుల సంగతి తేలడానికి మరికొంత కాలం పట్టింది. అప్పటికి అమెరికాలో ఉన్న భారతీయుల్లో ఎక్కువమంది 1965 తర్వాత వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు. వీరికి ఈ సాయం ఎందుకన్న అభ్యంతరం బయటే కాదు, భారతీయుల్లోనూ వినిపించింది. చదువుకు ఉద్యోగం దొరకడం వేరు, సొంత సంస్థ పెట్టి ప్రభుత్వ పని కోసం పోటీపడటం వేరు అన్నది అవతలి పక్షం వాదన. భారత సంతతి అమెరికన్ల సంఘం ఒకటి పెట్టుకున్న అర్జీని ఫెడరల్ చిన్న వ్యాపారాల సంస్థ 1982లో ఆమోదించింది. కాలక్రమంలో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ తదితర దేశాల మూలాలున్నవారు ‘ఉపఖండ ఆసియన్లు’గా జాబితాకెక్కారు. రవాణా శాఖ కార్యక్రమం కూడా అదే నిర్వచనాన్ని తీసుకుంది.

కాంక్రీటు పోసే పనుల కన్నా డిజైన్, సర్వే, నాణ్యత తనిఖీ, నిర్మాణ పర్యవేక్షణ వంటి పనులే భారత సంతతి ఇంజనీర్లకు అనువైన ప్రవేశద్వారాలయ్యాయి. వీటికి యంత్రాలు, యార్డులు అక్కర్లేదు. లైసెన్సు, అనుభవం ఉంటే చాలు. అభ్యంతరం మాత్రం పూర్తిగా పోలేదు. 1989 నాటి సుప్రీంకోర్టు క్రోసన్ తీర్పు కూడా, ఒక నగరం రుజువు లేకుండా రకరకాల జాతులను జాబితాలో చేర్చడాన్ని తప్పుబట్టింది.

కోర్టులు గీసిన గీత

క్రోసన్ కేసు ఒక జైలు మరుగుదొడ్ల పని దగ్గర మొదలైంది. వర్జీనియాలోని రిచ్‌మండ్ నగరం 1983లో ఒక నిబంధన చేసింది: నగర కాంట్రాక్టు దక్కించుకున్నవారు అందులో 30 శాతం విలువైన పనిని మైనారిటీ సంస్థలకు అప్పగించాలి. నగర జనాభాలో సగం నల్లజాతివారే అయినా ప్రధాన కాంట్రాక్టుల్లో మైనారిటీ సంస్థలకు దక్కినది 0.67 శాతం. సిటీ జైల్లో స్టీలు మరుగుదొడ్లు బిగించే పనికి టెండరు వేసిన ఒకే ఒక్క కంపెనీ క్రోసన్, మైనారిటీ సరఫరాదారు దగ్గర ధర ఎక్కువవుతోందంటూ మినహాయింపు అడిగింది. నగరం ఒప్పుకోలేదు. జస్టిస్ ఓకానర్ రాసిన తీర్పు ఆ నిబంధనను కొట్టేసింది. సమాజంలో వివక్ష ఉందని చెబితే చాలదు. ఆ ప్రాంతంలో, ఆ రంగంలో వివక్ష జరిగిందని అంకెలతో చూపాలన్నది దాని సారాంశం.

1995 నాటి అడరాండ్ తీర్పు (5–4) ఇదే పరీక్షను ఫెడరల్ పథకాలకూ వర్తింపజేసింది. కొలరాడోలో రోడ్డు పక్క రక్షణ కంచె బిగించే పనికి తక్కువ ధర కోట్ చేసినా పని దక్కని కంపెనీ వేసిన కేసు అది. దాని ఫలితంగా రవాణా శాఖ 1999లో నిబంధనలను తిరగరాసింది. కోటాలు పోయి లక్ష్యాలు వచ్చాయి. లక్ష్యం అందుకోలేకపోయినా ‘నిజాయితీగా ప్రయత్నించాం’ అని కాగితాలతో రుజువు చేస్తే గుత్తేదారుకు పని పోదు.

ఈ రెండు తీర్పుల తర్వాత ‘వ్యత్యాస అధ్యయనం’ అనే కొత్త పరిశ్రమే పుట్టుకొచ్చింది. పని చేయగల సంస్థల్లో మైనారిటీలవి ఎన్ని, వాటికి దక్కిన డాలర్లు ఎన్ని అని లెక్కగట్టే నివేదిక లేకుండా లక్ష్యం పెట్టడానికి చాలా ప్రభుత్వాలు సాహసించలేదు.

న్యూజెర్సీ దారి

1980ల మధ్యలో న్యూజెర్సీ తన చట్టంతో రాష్ట్ర కాంట్రాక్టుల్లో మైనారిటీ సంస్థలకు 7 శాతం, మహిళా సంస్థలకు 3 శాతం లక్ష్యంగా పెట్టుకుంది. క్రోసన్ తర్వాత దాని కింద నేల కదిలింది. గవర్నర్ ఫ్లోరియో హయాంలో ప్రజాపనుల్లో వివక్షపై ఒక అధ్యయన సంఘం పనిచేసి, 1993లో నివేదిక ఇచ్చింది. అది కూడా పథకాన్ని ఎక్కువ కాలం నిలబెట్టలేకపోయింది. 2003లో రాష్ట్రం జాతి, లింగ ప్రాతిపదికను పక్కనపెట్టి, చిన్న సంస్థలకు 25 శాతం అనే తటస్థ లక్ష్యానికి మారింది. ఫెడరల్ నిధులతో నడిచే పనుల్లో మాత్రం పాత పద్ధతి కొనసాగింది. దాన్ని సవాలు చేస్తూ జియోడ్ అనే సర్వే కంపెనీ రాష్ట్ర ప్రజా రవాణా సంస్థ న్యూజెర్సీ ట్రాన్సిట్ మీద వేసిన దావాలో ఫెడరల్ జిల్లా కోర్టు 2010లో ట్రాన్సిట్ వైపు తీర్పు చెప్పింది. 2024 జనవరిలో రాష్ట్రం విడుదల చేసిన వ్యత్యాస అధ్యయనం, మైనారిటీ, మహిళా సంస్థలకు దక్కుతున్న పనిలో గణనీయమైన లోటు ఉందని తేల్చింది.

పార్సిప్పనీ వంటి టౌన్‌షిప్‌ల మీద ఇంత బరువు లేదు. స్థానిక ప్రభుత్వ కాంట్రాక్టుల చట్టం ప్రకారం పని తక్కువ ధరకు చేసే అర్హుడైన గుత్తేదారుకే వెళ్లాలి. మైనారిటీ, మహిళా సంస్థలకు ప్రత్యేకంగా కొన్ని పనులు కేటాయించుకునే వీలును చట్టం ఇచ్చింది కానీ అది స్థానిక సంస్థల ఇష్టం, తప్పనిసరి కాదు. తప్పనిసరి అయినది 1975 నాటి చట్టం. దాని ప్రకారం ప్రతి టెండరు పత్రంలో సమాన అవకాశాల షరతు ఉండాలి. నిర్మాణ గుత్తేదారు ఏఏ-201 ఫారంలో తన పనివాళ్లలో మైనారిటీలు, స్త్రీలు ఎందరో ముందే రాసివ్వాలి. అయితే ఈ ఫారం లెక్కించేది పనివాళ్లను. సంస్థ యజమాని ఎవరన్నది దానికి పట్టదు. 1963లో బారింజర్ స్కూలు దగ్గర మొదలైన ప్రశ్న దగ్గరే స్థానిక టెండర్లు ఆగిపోయాయని చెప్పవచ్చు.

పని ఎలా అందుతుంది

లక్ష్యాల శాతాలు పత్రికలకెక్కుతాయి. చిన్న సంస్థ బతుకు మాత్రం ధరావతు, బాండు, బిల్లు తేదీ అనే మూడింటి మీద నడుస్తుంది. న్యూజెర్సీ స్థానిక టెండరుకు బిడ్ విలువలో 10 శాతం, గరిష్ఠంగా 20,000 డాలర్లు ధరావతు కట్టాలి. పని దక్కితే సాధారణంగా కాంట్రాక్టు మొత్తం విలువకు పూచీ బాండు చూపాలి. ఆస్తి, పాత పనుల చరిత్ర లేనివారికి బాండు కంపెనీలు అంత తేలిగ్గా పూచీ ఇవ్వవు. పూచీ లేనిదే పాత పనుల చరిత్ర ఏర్పడదు. అందుకే కొత్త సంస్థలు ప్రధాన గుత్తేదారు కింద సబ్‌కాంట్రాక్టర్లుగా మొదలవుతాయి. అక్కడ ఎదురయ్యేది ఆలస్యపు చెల్లింపు. తనకు డబ్బు అందిన 30 రోజుల్లోగా ప్రధాన గుత్తేదారు కింది సంస్థకు చెల్లించాలన్న ఫెడరల్ నిబంధన ఇందుకే వచ్చింది. చిన్న సంస్థల దృష్టిలో చూస్తే, 10 శాతం లక్ష్యం కన్నా ఈ 30 రోజుల గడువే విలువైనది.

‘వెనుకబడిన వ్యాపార సంస్థ’గా ధ్రువీకరణ పొందాలంటే సంస్థలో 51 శాతం వాటా అర్హుల చేతిలో ఉండటంతోపాటు రోజువారీ నిర్ణయాలూ వారే తీసుకోవాలి. యజమాని వ్యక్తిగత ఆస్తి పరిమితిని 2024లో 20.47 లక్షల డాలర్లకు పెంచారు. న్యూజెర్సీలో ట్రాన్సిట్, రాష్ట్ర రవాణా శాఖ, పోర్ట్ అథారిటీ కలిసి ఒకే ధ్రువీకరణ వ్యవస్థను నడుపుతాయి. లక్ష్యం లెక్కించే తీరులోనూ కిటుకు ఉంది. లక్ష డాలర్ల ఉక్కును అర్హత గల తయారీదారు నుంచి కొంటే మొత్తం లక్షా లెక్కకొస్తుంది. సరుకు నిల్వ ఉంచి అమ్మే వ్యాపారి నుంచి కొంటే 60,000 మాత్రమే. మధ్యవర్తి అయితే అతని కమిషన్ తప్ప మరేమీ రాదు.

ఈ మెలికలన్నీ బినామీలను అడ్డుకోవడానికే. అయినా బినామీలు ఆగలేదు. పెన్సిల్వేనియాలో ఒక వంతెన దూలాల కంపెనీ కనెక్టికట్‌కు చెందిన మైనారిటీ సంస్థ పేరు వాడుకుని 15 ఏళ్లకు పైగా, 13.6 కోట్ల డాలర్ల పనులు చేయించుకుంది. 2012లో ఆ కేసులో నేరం రుజువైంది. స్కాన్‌స్కా సంస్థలోనే న్యూయార్క్ ప్రాంతపు సివిల్ పనులు చేసే మరో విభాగం ఇలాంటి ఆరోపణల మీద 2011లో 1.96 కోట్ల డాలర్లు చెల్లించి ప్రభుత్వంతో రాజీ కుదుర్చుకుంది.

పార్సిప్పనీ కార్యాలయం, భారీ ప్రాజెక్టులు

పార్సిప్పనీలో కార్యాలయమున్న స్కాన్‌స్కా బిల్డింగ్ చేపట్టిన ప్రాజెక్టుల్లో రెండు హడ్సన్ నది అవతల ఉన్నాయి. వాల్ష్ కంపెనీతో కలిసి కట్టిన లాగార్డియా విమానాశ్రయం టెర్మినల్ బి ప్రధాన భవనం 2020లో, 160 కోట్ల డాలర్ల మొయినిహాన్ రైల్వే స్టేషన్ హాలు 2021 జనవరి 1న తెరుచుకున్నాయి. రెండింటి కాలంలోనూ న్యూయార్క్ రాష్ట్ర లక్ష్యం 30 శాతం. 1988 నాటి చట్టం కింద నడిచే ఈ లక్ష్యాన్ని గవర్నర్ క్యూమో 2014లో 20 నుంచి 30కి పెంచాడు. వందల కోట్ల పనిలో 30 శాతం అంటే వందలాది చిన్న ప్యాకేజీలు. పనిని అంత ముక్కలుగా విడగొట్టి, ఒక్కోదానికి బాండు భారం తగ్గించి, ధరలు వేయడం, భద్రత, లెక్కలు నేర్పే శిక్షణ తరగతులు పెట్టడం ప్రధాన గుత్తేదారు ఉద్యోగంలో భాగమైపోయింది. పనిని ముక్కలు చేయకుండా శాతం మాత్రం రాసిన చోట లక్ష్యం కాగితం మీదే మిగిలింది.

భారతదేశంలో దీనికి పోలిక వెతికితే 2012లో వచ్చి 2018లో సవరణ పొందిన కేంద్ర కొనుగోళ్ల విధానం కనిపిస్తుంది. చిన్న పరిశ్రమలకు 25 శాతం, అందులో మహిళలకు 3, ఎస్సీ, ఎస్టీలకు 4 శాతం వాటా అది ఇచ్చినా, నిర్మాణ పనులకు వర్తించదు. ఆంధ్రప్రదేశ్ 2019లో నామినేషన్ పనుల్లో 50 శాతాన్ని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు కేటాయిస్తూ చట్టం చేసింది.

ఇటీవలి మలుపు

2021 మౌలిక వసతుల చట్టం 10 శాతం ఫెడరల్ లక్ష్యాన్ని కొనసాగించింది. అదే ఏడాది అక్టోబరులో న్యూజెర్సీ ట్రాన్సిట్, కెర్నీ–సెకాకస్ మధ్య కొత్త పోర్టల్ వంతెన పనిని స్కాన్‌స్కా, ట్రేలర్ బ్రదర్స్ ఉమ్మడి సంస్థకు ఇచ్చింది. కానీ కళాశాల ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసిన 2023 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో గాలి మారింది. 2024 సెప్టెంబరులో కెంటకీ ఫెడరల్ కోర్టు, జాతినీ లింగాన్నీ బట్టి వెనుకబాటును ఊహించుకోవడాన్ని ఇద్దరు ఫిర్యాదీల మేరకు నిలిపేసింది. 2025 అక్టోబరు 1న హడ్సన్ నది కింది రైలు సొరంగంతోపాటు న్యూయార్క్ సబ్‌వే ప్రాజెక్టుకు రావలసిన దాదాపు 1,800 కోట్ల డాలర్ల నిధులను, ఈ కాంట్రాక్టుల పద్ధతిని సమీక్షించాలన్న కారణంతో ఫెడరల్ ప్రభుత్వం ఆపింది. అక్టోబరు 3 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధన ప్రకారం ఏ సమూహానికీ పుట్టుకతో అర్హత రాదు. ఉపఖండ ఆసియన్లు సహా ప్రతి యజమానీ తనకు ఎదురైన ప్రతికూలతను విడిగా రాసి చూపాలి. ధ్రువీకరణ సంస్థలు పాత జాబితాలోని ప్రతి సంస్థనూ మళ్లీ పరిశీలించి ముగించేవరకు కాంట్రాక్టులకు లక్ష్యాలు పెట్టడానికి వీల్లేదు.