ప్రోగ్రామ్‌కీ లైబ్రరీకీ మధ్య దుబాసీ

రూట్ చేసిన ఫోన్‌లో బ్యాంక్ యాప్ తెరిస్తే చాలాసార్లు "ఈ ఫోన్‌లో పనిచేయను" అని మొండికేస్తుంది. ఫోన్ నాది, డబ్బులు నావి, మధ్యలో యాప్‌కి ఏంటి బాధ అని చాలామందికి కోపం. ఆ బాధ ఏంటో తెలియాలంటే 1980ల దాకా వెళ్లాలి. రండి.

ఏ ప్రోగ్రామూ అన్ని పనులూ తనే చేసుకోదు. మెమరీ కావాలన్నా, ఫైల్ తెరవాలన్నా, టైమ్ ఎంతైందో తెలియాలన్నా సిస్టమ్ లైబ్రరీలో ఉన్న ఫంక్షన్‌ని పిలుస్తుంది. పాత యూనిక్స్‌లో ఆ లైబ్రరీ కోడ్‌ని ప్రతి ప్రోగ్రామ్‌లోనూ కాపీ చేసి కలిపేసేవాళ్లు. వంద ప్రోగ్రాములుంటే వంద కాపీలు. డిస్కూ మెమరీ రెండూ ఖరీదైన రోజులవి. ఒకే కాపీని అందరూ పంచుకోవాలన్న ఆలోచన 1960ల నాటి మల్టిక్స్‌లోనే ఉంది. సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్లు దాన్ని యూనిక్స్‌కి ఎలా తేవాలో 1987లో యూజ్‌నిక్స్ సదస్సులో వివరించారు. 1988లో సన్‌ఓఎస్ 4.0తో అది జనం చేతికి వచ్చింది. ఇందులో ప్రోగ్రామ్ దగ్గర ఫంక్షన్ పేరు మాత్రమే ఉంటుంది. రన్ అయ్యేటప్పుడు లోడర్ ఆ పేరు ఏ లైబ్రరీలో ఉందో వెతికి కలుపుతుంది.

అసలు కథ ఇక్కడే మొదలైంది. పేరు పెట్టి పిలిచినప్పుడు, అదే పేరుతో ఇంకొకడు ముందుగా పలికితే? ఎల్‌డీ ప్రీలోడ్ అనే సెట్టింగ్ చేసేది అదే. "అసలు లైబ్రరీ కంటే ముందు నా లైబ్రరీలో వెతుకు" అని లోడర్‌కి చెప్తుంది. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, సోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు.

కంపెనీ దొరల కాలంలో దుబాసీలు ఉండేవాళ్లు కదా. దొరకి తెలుగు రాదు, రైతుకి ఇంగ్లీషు రాదు. మధ్యలో రెండు భాషలు తెలిసిన దుబాసీ ఏం చెప్తే అదే మాట. మంచివాడైతే పని సాఫీగా సాగుతుంది. కానివాడైతే ఇటు మాట అటు మార్చేస్తాడు, ఇద్దరికీ తెలియదు. హుకింగ్ అంటే ప్రోగ్రామ్‌కీ లైబ్రరీకీ మధ్య ఇలాంటి దుబాసీని పెట్టడమే.

మంచి దుబాసీని ముందు చూద్దాం. బ్రూస్ పెరెన్స్ రాసిన ఎలక్ట్రిక్ ఫెన్స్. ఇది మెమరీ ఇచ్చే మాలాక్ ఫంక్షన్ స్థానంలో కూర్చుంటుంది. అడిగినంత మెమరీ ఇచ్చి, దాని పక్కనే ఎవరూ ముట్టుకోకూడని పేజీ ఒకటి పెడుతుంది. ప్రోగ్రామ్ హద్దు దాటిందా, అదే లైన్‌లో అక్కడికక్కడే క్రాష్. పొలం చుట్టూ కరెంటు కంచె వేసినట్టే. నేను జాబ్ చేసేటప్పుడు రోజుల తరబడి దొరకని బగ్‌లు ఇలాంటి టూల్స్‌తో నిమిషాల్లో దొరకడం చూశాను.

విండోస్ వైపు 1999లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ నుంచి గేలెన్ హంట్, డగ్ బ్రూబాకర్ డిటూర్స్ తెచ్చారు. వీళ్ల దారి వేరు. పేరుతో పని లేదు. మెమరీలో ఉన్న ఫంక్షన్ మొదటి కొన్ని బైట్లు చెరిపి "ఇటు రా" అని ఒక జంప్ రాస్తారు. చెరిపిన భాగాన్ని దాచి ఉంచుతారు కాబట్టి, కావాలంటే అసలు ఫంక్షన్‌ని మళ్లీ పిలవొచ్చు.

మరి చెడ్డ దుబాసీ? ఆ భయం వల్లే లైనక్స్‌లో ఒక రూల్ ఉంది. పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రామ్‌ని మామూలు యూజర్ నడిపినా అది రూట్ అధికారంతో నడుస్తుంది. అందులోకి ఎవడైనా తన ఫంక్షన్ దూర్చగలిగితే సిస్టమ్ మొత్తం వాడిదే. అందుకే అలాంటి ప్రోగ్రాముల విషయంలో యూజర్ ఇచ్చిన ప్రీలోడ్ లైబ్రరీని లోడర్ పక్కన పెట్టేస్తుంది.

ముందు తలుపుకి అలా గడియ పెట్టారు. 2024లో దొంగ పెరటి దారిన వచ్చాడు. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లు కుదించే చిన్న లైబ్రరీ. లాసే కాలిన్ అనే ఒక్క మనిషి ఏళ్ల తరబడి దాన్ని మోశాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి, రెండేళ్లకు పైగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో రహస్య కోడ్ దాచారు. సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌కి అసలు ఎక్స్‌జెడ్‌తో పనే లేదు. కానీ డెబియన్, ఫెడోరా లాంటి చోట్ల సిస్టమ్‌డీ లైబ్రరీ వెంట అది కూడా లోపలికి వచ్చేది. అలా వచ్చాక, ఆర్ఎస్ఏ కీ తనిఖీలో పిలిచే ఒక ఫంక్షన్‌ని పట్టుకునేది. దొంగ దగ్గరున్న రహస్య కీతో సంతకం చేసి పంపితే అతని కమాండ్ నడిచేది. మిగతావాళ్లకి అసలు ఫంక్షనే జవాబిచ్చేది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఎందుకని తవ్వి, 2024 మార్చి 29న బయటపెట్టాడు. అప్పటికి అది ఎక్కువగా టెస్టింగ్ వెర్షన్లలోనే ఉంది. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లలోకి వెళ్లేది. అతనికి మొదట్లో అనుమానం కలిగించిన వాటిలో వాల్‌గ్రైండ్ చూపించిన ఎర్రర్లు కూడా ఉన్నాయి. వాల్‌గ్రైండ్ మెమరీ తప్పులు పట్టే పద్ధతుల్లో మాలాక్ స్థానంలో తను నిలబడటం కూడా ఒకటి. అంటే దొంగ దుబాసీ జాడ చెప్పడంలో ఒక మంచి దుబాసీ చెయ్యి కూడా ఉంది.

ఇప్పుడు మన బ్యాంక్ యాప్ దగ్గరికి రండి. ఆండ్రాయిడ్‌లో ఎక్స్‌పోజ్డ్, ఫ్రిడా లాంటి టూల్స్ చేసేదీ మధ్యలో నిలబడటమే. సెక్యూరిటీ టెస్టర్లు యాప్‌లో లోపాలు వెతకడానికి ఫ్రిడా వాడతారు. అదే దారిలో ఒక దొంగ మీ పిన్‌ని ఎన్‌క్రిప్ట్ అవ్వకముందే చదవొచ్చు. తనకి జవాబిస్తున్నది అసలు లైబ్రరీయా, మధ్యవాడా అని రూట్ అయిన ఫోన్‌లో యాప్ నమ్మకంగా చెప్పలేదు. అందుకే తలుపు మూసుకుంటుంది.

రూట్ చేయడం నేరం కాదు. మీ ఫోన్ మీ ఇష్టం. కాకపోతే ఆ తర్వాత మధ్యలో ఎవర్ని నిలబెడుతున్నారో చూసుకునే పని కూడా మీదే. ఎవడో పంపిన మాడ్ ఏపీకే ఇన్‌స్టాల్ చేసే ముందు ఈ ఒక్క మాట గుర్తు తెచ్చుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.