గృహనిర్మిత కంప్యూటరు – పంచుకొనిన విద్య

విద్య దాచినకొలది క్షీణించును, పంచినకొలది వర్ధిల్లును. ఇంట కూర్చుకొను కంప్యూటర్ల చరిత్రమే ఇందుకు నిదర్శనము.

1975 జనవరి 'పాప్యులర్ ఎలక్ట్రానిక్స్' పత్రికలో ఆల్టెయిర్ 8800 అను యంత్రము ప్రకటితమైనది. అమెరికాలోని ఆల్బుకర్కీ నగరమున ఎడ్ రాబర్ట్స్ నడపుచుండిన మిట్స్ సంస్థ దాని విడిభాగములను 397 డాలర్లకు అమ్మజూపెను. కొనినవారే టంకము పెట్టి వానిని అతుకుకొనవలెను. కీబోర్డు లేదు, తెర లేదు. మీటలు కదల్చి ఆదేశము లొసగి, దీపములను చూచి ఫలితము గ్రహింపవలెను. జ్ఞాపకశక్తి 256 బైట్లు మాత్రమే. ఐనను అదనపు పలకలు చేర్చుకొను వీలుండెను.

ఆ యేడు మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో, గార్డన్ ఫ్రెంచ్ గారి కారుషెడ్డున 'హోంబ్రూ కంప్యూటర్ క్లబ్' తొలిసారి సమావేశమయ్యెను. మిట్స్ వారి 4,096 బైట్ల జ్ఞాపకపలకలు సరిగా పనిచేయకపోగా, సభ్యుడగు బాబ్ మార్ష్ నమ్మదగిన పలకలను రూపొందించి విక్రయించెను. దోషము నొకరు కనుగొనిన, నివారణోపాయము నలుగురికిని తెలియుచుండెను. స్టీవ్ వోజ్నియాక్ తన ఆపిల్-1 నిర్మాణపటములను సభ్యులకు ఉచితముగా పంచెను.

1981లో వెలువడిన ఐ.బి.ఎం. పి.సి. యొక్క వలయపటములు గ్రంథరూపమున లభించుటచే, అన్యులును దానికి తగిన భాగములను చేయగలిగిరి. చెడిన భాగమును తీసి మేలైనదానిని అమర్చుకొను అభిరుచి దేశదేశముల వ్యాపించెను.

నేడు జ్ఞాపకభాగమును పలకకే అతికివేసిన యంత్రములు అనేకములు కలవు. విప్పి చూచు అవకాశము తరిగినచో, బాగుచేయు నేర్పును తరుగును. పటమును దాచక పదిమంది కందించిన ఆ సభ్యుల ధర్మము గ్రంథాలయ ధర్మమే.