ఎవరు పోయారు?

2019 చివర్లో సులైబియా వచ్చాను. కూరగాయల టోకు మార్కెట్‌కి దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీకి సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టాలి. మూడు నెలల పనన్నారు. కరోనా పుణ్యమా అని అది ఏళ్ళకేళ్ళు సాగింది. కువైట్ అనగానే మీకు గుర్తొచ్చే అద్దాల మేడలు ఇక్కడ కనపడవు. గోడౌన్లు, లారీలు, ఎండలో మగ్గిన టమాటా వాసన, అన్నిటిమీదా దుమ్ము.

నా పక్కగదిలో రాజోలు నుంచి వచ్చిన డ్రైవరు ఒకాయన ఉండేవాడు. అరవైకి దగ్గర. నేను దిగిన మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి గోడ అవతల నుంచి ఘంటసాల భగవద్గీత వినపడింది. గుండె గుభేలుమంది. లేచి వెళ్ళి తలుపు తట్టాను.

"ఎవరు పోయారండీ?"

ఆయన పళ్ళు తోముకుంటూ నా మొహంలోకి చూశాడు. "ఎవరూ పోలేదండి బాబూ. ఆరింటికి లోడుందండి, బండి తియ్యాలి."

మీలో కొందరికైనా నా ప్రశ్నలో తప్పేమీ కనపడదని తెలుసు. రాజంపేట దగ్గర మా పల్లెలో ఆ గొంతు మైకులో వినపడిందంటే వీధిలోకొచ్చి అడిగే మొదటి మాట అదే. కోనసీమలో ఆయన చిన్నప్పటి నుంచీ గుడి మైకులో పొద్దున్నే విన్నాడట. ఆయనకది కోడికూతతో సమానం. రికార్డు ఒకటే, గొంతు ఒకటే. మధ్యలో ఏం జరిగింది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరులో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. విజయనగరం సంగీత కళాశాలలో, మధూకరం ఎత్తుకుని తింటూ శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. 1942 ఉద్యమంలో జైలుకెళ్ళారు. ఇంత చదువూ ఉన్నా జనానికి ఆయన సినిమా గాయకుడే. గీతని ఆయన వల్లె వేసినట్టు కాకుండా, శ్లోకానికో రాగం ఛాయనిస్తూ, వెనక వాద్యాలతో పాడారు. ఏడు వందల శ్లోకాల్లోంచి నూటికి పైగా ఏరారు. వాటి తాత్పర్యం కూడా తన గొంతుతోనే తెలుగులో చెప్పారు. హెచ్.ఎం.వి. వాళ్ళ రికార్డు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్ళకే, మద్రాసులో పోయారు. రికార్డు జనంలోకి వచ్చింది ఆ తర్వాతే.

నాకు కీలకంగా తోచేది ఇదే. తెలుగువాళ్ళు ఆ గీతని మొట్టమొదట విన్నది పోయిన మనిషి గొంతుగా. అందులో చావు వాసన ఎవరో తర్వాత పులిమింది కాదు, కొంత పుట్టుకతోనే వచ్చింది. పైగా మొదట్లోనే రెండో అధ్యాయం: పుట్టినవాడికి చావు తప్పదు, ఆత్మకి చావు లేదు, ఏడవకు. చావింట్లో కూర్చున్నవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? యుద్ధం చెయ్యనని కూలబడ్డవాణ్ణి లేపి పనిలోకి తోలడానికి చెప్పిన మాటలవి అన్న సంగతి మాత్రం వెనక్కి పోయింది. ఆ లెక్కన మా డ్రైవరుగారే సరిగా వింటున్నాడు.

ఇంకో కారణం నేను కళ్ళారా చూసినది. మా చిన్నాయన ఎనభైల మొదట్లో కువైట్ పోయాడు. మొదటి సెలవుకి వచ్చినప్పుడు ఒక పెద్ద టేప్ రికార్డరు తెచ్చాడు. మా వీధిలో అదే మొదటిది. రికార్డు ప్లేయరు డబ్బున్న ఇళ్ళ వస్తువు, క్యాసెట్ అలా కాదు. మా అవ్వ పోయినప్పుడు చిన్నాయన ఊళ్ళో లేడు గానీ ఆయన టేప్ రికార్డరు ఉంది. రాజంపేట నుంచి ఎవరో ఘంటసాల క్యాసెట్ తెచ్చి పెట్టారు. అప్పటి నుంచి ఊళ్ళో ఎవరింట్లో చావు జరిగినా ముందు మా ఇంటికి మనిషి వచ్చేవాడు. అయ్యవారు గడప తొక్కని ఇళ్ళకి కూడా ఆ పెట్టె వెళ్ళింది. అక్కడ మంత్రం చదివేవాళ్ళు లేరు. సంస్కృతం పాడి, వెంటనే దాని అర్థం తెలుగులో చెప్పే గొంతు ఒకటి మొదటిసారి వాళ్ళ వాకిట్లోకి వచ్చింది. దీన్ని ఏ సంగీత విమర్శకుడైనా రాశాడో లేదో గానీ, ఆ రికార్డుకి దక్కిన అతిపెద్ద ఆదరణ నా లెక్కలో అదే.

1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి వచ్చింది. చిన్నాయన బస్సుల్లో పడి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చాడు. అలా తరలించిన లక్ష మందికి పైగా భారతీయుల్లో ఆయనొకడు. ఒంటిమీద చొక్కా తప్ప ఏమీ మిగల్లేదు. ఇంటికొచ్చి చూసుకుంటే ఏళ్ళ సంపాదనలో కళ్ళముందున్నది ఆ టేప్ రికార్డరే. అదీ ఆ రోజు ఎవరింటికో పోయి ఉంది.

ఇక ఇంకో రికార్డు. దీన్ని నాకు పరిచయం చేసింది కోల్డ్ స్టోరేజీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఘానా కుర్రాడు. మా ఇద్దరి భాష సగం ఇంగ్లీషు, సగం విరిగిన అరబ్బీ. 2021 వేసవిలో ఉల్లిపాయల బస్తాల మధ్య రోజుకి ఇరవైసార్లు ఒకే పాట పెట్టేవాడు: విజ్‌కిడ్ పాడిన 'ఎసెన్స్'. నైజీరియా ఆఫ్రోబీట్స్ పాట. 'మేడిన్ లేగోస్' అనే ఆల్బమ్ లోది. ఇంత ఇష్టమా అంటే, "వచ్చినప్పుడు నాకు నచ్చలేదు సార్. నిద్రొచ్చింది" అన్నాడు.

నాకు ఆసక్తి పుట్టి దాని చరిత్ర చదివాను. ఆ ఆల్బమ్ అక్టోబరు మధ్యలో రావాల్సింది. సార్స్ అనే పోలీసు దళం దౌర్జన్యాల మీద నైజీరియా కుర్రకారు వీధుల్లోకొచ్చారు. 2020 అక్టోబరు 20న లేగోస్‌లో లెక్కీ టోల్‌గేటు దగ్గర సైనికులు కాల్పులు జరిపారు. విడుదల ఆపి అక్టోబరు 30న తెచ్చారు. జనం కోపంతో, దుఃఖంతో ఉన్నప్పుడు చేతికొచ్చినవేమో మెత్తటి, నింపాది పాటలు. విదేశీ విమర్శకులు ఆ నింపాదినే మెచ్చుకున్నారు. గంతులేయించే విజ్‌కిడ్ కోసం చూసినవాళ్ళలో చాలామంది పెదవి విరిచారు. 'ఎసెన్స్' ముందుగా వదిలిన పాట కూడా కాదు. 'స్మైల్', 'నో స్ట్రెస్' ముందొచ్చాయి. టెమ్స్ అనే అమ్మాయి గొంతు కలిపిన ఈ పాట 2021 వేసవిలో, తలుపులు మళ్ళీ తెరుచుకున్న అమెరికాలో పాకింది. జులైలో బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో చేరింది. ఆగస్టులో జస్టిన్ బీబర్ గొంతు కలిసిన రూపం వచ్చింది. అక్టోబరుకి తొమ్మిదో స్థానం. లండన్ ఓటూ అరీనాలో మూడు రాత్రులు టికెట్లు మొత్తం అమ్ముడయ్యాయి. 2022లో ఆ ఆల్బమ్‌కి గ్రామీ మాత్రం రాలేదు. ఆ విభాగంలో బెనిన్ గాయని ఆంజెలిక్ కిజో గెలిచింది. మా కుర్రాడు దీన్ని ఇప్పటికీ క్షమించలేదు.

అన్నట్టు, ఆఫ్రోబీట్స్ వేరు, చివరి 'స్' లేని ఆఫ్రోబీట్ వేరు. రెండోది ఫెలా కుటీది. 1976లో ఆయన సైనికుల్ని వెక్కిరిస్తూ 'జాంబీ' అనే రికార్డు చేస్తే, 1977 ఫిబ్రవరిలో సుమారు వెయ్యిమంది సైనికులు ఆయన ఇంటిమీద పడి తగలబెట్టారు. కిటికీలోంచి తోసేసిన ఆయన తల్లి మరుసటేడు చనిపోయింది. అంత ఘోరమైన సమీక్ష ఇంకే రికార్డుకీ వచ్చి ఉండదు.

నా వృత్తిలో ఇలాంటివి రోజూ చూస్తాం. మనం ఒకందుకు చేస్తే వాడేవాళ్ళు ఇంకొకందుకు వాడతారు. నేనెంతో ఆలోచించి పెట్టిన 'సరుకు నాణ్యత' గడిలో ఇక్కడి గుమాస్తాలు లారీ డ్రైవర్ల ఫోన్ నంబర్లు రాసుకుంటున్నారు. మొదట్లో తిట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ గడి పొడుగు పెంచాను.

చెప్పకుండా దాటేస్తున్నది ఒకటుంది. 2020 మే నెలలో మా నాయన పోయాడు. గుండెపోటు. కువైట్‌లో మే 10 నుంచి పూర్తి కర్ఫ్యూ, విమానాలు మార్చి నుంచే లేవు. మా తమ్ముడు వీడియోలో చూపించాడు. ఫోను ఎవరి చేతిలో ఉందో గానీ నాకు ఎక్కువసేపు కనపడింది పందిరి పైకప్పు. గీత మాత్రం స్పష్టంగా వినపడింది. సరిగ్గా తాత్పర్యం దగ్గర సిగ్నల్ పోయింది. మళ్ళీ కలిసేసరికి వాకిలి ఖాళీగా ఉంది.

ఆ మర్నాడు నాలుగున్నరకి పక్కగది నిశ్శబ్దం. వారం రోజులైనా అంతే. చివరికి నేనే వెళ్ళి అడిగాను.

"మీకు బాగోదు కదండీ" అన్నాడాయన. "హెడ్‌ఫోన్ పెట్టుకుంటున్నానండి."

పెట్టమని చెప్పడానికి నాకు ఏడాది పైనే పట్టింది. 2021 నవంబరులో ఒక శుక్రవారం, ముగ్గురం గోడౌన్ బయట ప్లాస్టిక్ కుర్చీలేసుకుని టీ తాగుతున్నాం. ఘానా కుర్రాడి 'ఎసెన్స్' అయిపోయింది. "అన్నా, మీది పెట్టండి" అన్నాను. ఆయన నావైపు ఒకసారి చూసి పెట్టాడు. కుర్రాడు శ్లోకం వస్తున్నంతసేపూ మడమతో తాళం వేశాడు. తాత్పర్యం మొదలయ్యేసరికి ఆపి, మా ఇద్దరినీ చూసి అడిగాడు.

"ఇప్పుడు వార్తలా?"

డ్రైవరుగారు నవ్వితే టీ చొక్కామీద ఒలికింది. నేను కప్పు కింద పెట్టి, ఆ రోజు తెగిపోయిన తాత్పర్యం ఎక్కడ వస్తుందా అని వింటూ కూర్చున్నాను.