అరసవల్లికి నిధుల దారులెన్నో.. షరతులూ అన్నే

అరసవల్లి: శ్రీకాకుళాన్ని ఆనుకొని ఉన్న అరసవల్లిలో రథసప్తమిని 2025లో రాష్ట్ర ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించి మూడు రోజుల పాటు నిర్వహించింది. భక్తులు వెళ్లిపోయాక మిగిలేవి చెత్త, మురుగుకాలువలు, ఇంద్రపుష్కరిణి నీటి శుభ్రత. వీటిని బాగుచేయడానికి గ్రాంట్లు లేకపోలేదు. అయితే ఒక్కొక్క నిధికి ఒక్కొక్క యజమాని, ఒక్కొక్క షరతు. పుష్కరిణి ఆలయానిది, వెలుపలి వీధులు నగరపాలక సంస్థవి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

పుణ్యక్షేత్రాలకు పెద్ద మొత్తం వచ్చే దారి కేంద్ర పర్యాటక శాఖ 2014-15లో ప్రారంభించిన ‘ప్రసాద్‌’ పథకం. దీని కింద రాష్ట్రంలో అమరావతికి రూ.27.77 కోట్లు, శ్రీశైలానికి రూ.43.08 కోట్లు, 2022-23లో పొరుగునున్న సింహాచలానికి రూ.54.04 కోట్లు మంజూరయ్యాయి. ఆమోదించిన పనుల వ్యయమంతా కేంద్రానిదే. ప్రతిపాదన మాత్రం ఆలయం నేరుగా పంపేది కాదు. సమగ్ర పథక నివేదికతో రాష్ట్ర ప్రభుత్వం ద్వారా వెళ్లాలి. పనులు పూర్తయ్యాక నిర్వహణ భారం రాష్ట్రానిదే. మరుగుదొడ్లు కట్టడం తేలిక, రోజూ నీరు పెట్టి శుభ్రం చేయించడమే కష్టమన్నది ఏ యాత్రాస్థలంలోనైనా కనిపించేదే.

నీటి వనరులకు సంబంధించినది ‘అమృత్‌’. 2015లో ప్రారంభమైన తొలి విడతకు ఎంపికైన పట్టణాల్లో శ్రీకాకుళం ఒకటి. 2021 అక్టోబరు 1న ప్రారంభించిన రెండో విడతలో తాగునీరు, మురుగునీటి శుద్ధితో పాటు చెరువుల పునరుద్ధరణనూ చేర్చారు. లక్ష నుంచి పది లక్షల జనాభా గల పట్టణాలకు కేంద్ర వాటా మూడో వంతు. అది 20, 40, 40 శాతాల చొప్పున మూడు విడతల్లో వస్తుంది. ముందు విడత ఖర్చుకు లెక్క చూపనిదే తరువాతి విడత కదలదు.

పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఈ స్థాయి పట్టణాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతాన్ని పారిశుద్ధ్యానికి, తాగునీటికి, వర్షపునీటి సంరక్షణకు ముడిపెట్టింది. ఆడిట్‌ లెక్కలను ఆన్‌లైన్‌లో పెట్టాలన్నది షరతు.

ఎంపీ నిధుల సంగతి వేరు. ఏటా ఒక్కొక్కరికి రూ.5 కోట్లున్నా, ప్రార్థనా స్థలాల్లోను, మత సంస్థల భూమిలోను పనులకు ఆ సొమ్ము వాడరాదు. వీధి కాలువకు పనికివచ్చే రూపాయి పుష్కరిణి మెట్టు దగ్గర ఆగిపోతుందన్నమాట!

దేవాదాయ శాఖకు 1987 చట్టం ప్రకారం సర్వశ్రేయోనిధి ఉంది. ఆదాయం గల దేవస్థానాల వాటాలతో సమకూరే ఈ సొమ్ము ప్రధానంగా ఆదాయం లేని గుళ్ల జీర్ణోద్ధరణకు. హుండీ, ఆర్జిత సేవల రాబడి గల అరసవల్లి దీనికి ఇచ్చే వరుసలోనిదే గాని పుచ్చుకునే వరుసలోనిది కాదు.

అందువల్ల పుష్కరిణికి ఒక శాఖ, దానిలోకి చేరే మురుగుకు మరో శాఖ వేర్వేరుగా నివేదికలు పంపితే రెండూ సగం పనులే అవుతాయి. వానకాలంలో ఏ కాలువ నీరు ఎటు పోతుందో చూపే పటం, భూమి హక్కు పత్రాలు, నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తారన్న లిఖితపూర్వక అంగీకారం.. ఈ మూడూ దేవస్థానం, నగరపాలక సంస్థ కలిసి ముందుగా సిద్ధం చేసుకోవలసినవి.