మదనపల్లె సీమ: కట్టడాలు, కళాసేకరణలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల కళాసంపద ఒకే మ్యూజియంలో గాక గుడులు, కోటలు, విద్యాలయాల మధ్య చెదిరి ఉన్నది. వీటిలో తలమానికమైనది ములకలచెరువు సమీపంలోని సోంపల్లె చెన్నకేశవాలయం. విజయనగర కాలపు ఈ గుడి ముందు ఎత్తైన రాతిస్తంభం నిలిచి ఉండగా, లోపలి మండపాల పైకప్పులపై పురాణగాథల కుడ్యచిత్రాలు, అంటే సున్నపు గచ్చుపై రంగులతో వేసిన బొమ్మలు కనిపిస్తాయి. నల్లని గీతతో ఆకృతిని బిగించి, కాషాయ, పసుపు వర్ణాలతో నింపే ఈ పద్ధతి లేపాక్షి చిత్రాలకు దగ్గరి చుట్టమే అయినా, వాటికి దక్కిన ఖ్యాతిలో కొంతైనా దీనికి దక్కకపోవడం అన్యాయం.

గుర్రంకొండలో కొండకోట కింద ఉన్న రంగీన్ మహల్ కమానులు ఇస్లామీ వాస్తురీతిని తెలుపుతాయి. హైదరాలీ, టిప్పుల ఏలుబడిలో ఈ కోట మైసూరు రాజ్యానికి కీలకస్థావరం. పుంగనూరులో జమీందారుల రాజసౌధం ఉన్నది. ఇక విద్యాలయాల విషయానికొస్తే, కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసింది.

మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ కళావిమర్శకుడు కూడా. 1919లో ఆయన అతిథిగా వచ్చిన రవీంద్రనాథ ఠాకూర్ ‘జనగణమన’ను ఇక్కడే ఆంగ్లంలోకి అనువదించాడు. బెంగాల్ చిత్రకళాశైలిని దక్షిణాదికి పరిచయం చేసిన కజిన్స్, తరువాత మైసూరు జగన్మోహన ప్యాలెస్ చిత్రశాల రూపకల్పనలోను, 1935లో తిరువనంతపురంలో తెరచిన శ్రీచిత్రాలయం స్థాపనలోను ముఖ్యపాత్ర వహించాడు.